మామిడి మీడ్ మసక వీడకపోతే: తేట తీయడం ఎలా?

తేనెను నీళ్లలో కలిపి ఈస్ట్‌తో పులియబెట్టిన పానీయాన్ని మీడ్ అంటారు. అందులో పండ్లు కూడా చేర్చితే అది పండ్ల మీడ్ అవుతుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు ఇంట్లో దీన్ని చేయబూనినప్పుడు చేయి మామిడి వైపే వెళ్లడం సహజం. ఇండియన్ స్టోర్‌లో 850 గ్రాముల డబ్బాల్లో ఆల్ఫాన్సో, కేసర్ గుజ్జు ఏడాది పొడవునా దొరుకుతుంది. తొక్క తీసి, టెంక విడదీసే శ్రమ ఉండదు. రుచికీ, వాసనకూ ఆ ఎంపికలో లోపమేమీ లేదు. కాని తేరుకునే విషయంలో మామిడి మొండి పండు. దానిమ్మ రసమో, వడకట్టిన ద్రాక్ష రసమో వేసిన మీడ్ సాధారణంగా కొన్ని నెలల్లో తనంతట తానే తేరుకుంటుంది. మామిడి గుజ్జు వేసిన మీడ్ మాత్రం అర్ధ సంవత్సరం గడిచినా గాజు పాత్రకు ఇవతల పెట్టిన చేయి అవతలికి కనిపించనంత మసకగా నిలిచిపోగలదు. ఆ స్థితిలో ఉన్న మీడ్‌ను పాడు చేయకుండా, దాని వాసనను పోగొట్టకుండా తేట తీసే పద్ధతిని ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

చట్టం గురించి ముందే చెప్పాలి. అమెరికా ఫెడరల్ నిబంధనల ప్రకారం పెద్దవారు ఒక్కరే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది ఉన్న ఇంట్లో 200 గ్యాలన్ల వరకు వైన్‌ను అమ్మకానికి కాకుండా సొంత వాడకం కోసం తయారు చేసుకోవచ్చు. మీడ్ ఆ లెక్కలోకే వస్తుంది. అయినా మీరుండే రాష్ట్రం నిబంధనలు కూడా చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మాత్రం 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. కాబట్టి ఈ వ్యాసం ఇంటి తయారీకి అనుమతి ఉన్న చోట నివసిస్తున్నవారి కోసమే.

మసక ఎందుకు పడుతుంది

మసకగా ఉన్న మీడ్‌ను చూడగానే హోంబ్రూ దుకాణానికి (ఇంట్లో ఇలాంటి పానీయాలు చేసుకునే సామగ్రి అమ్మే చోటికి) వెళ్లి తేర్చే పొడి ఏదో ఒకటి తెచ్చి వేయాలని అనిపిస్తుంది. ఆ పని మాత్రం చేయకండి. మసకకు కారణాలు అనేకం, ఒక్కో కారణానికి మందు వేరు. ప్రోటీన్‌ను దించే పొడి పెక్టిన్‌ను దించదు, పెక్టిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ పిండి పదార్థాన్ని ముట్టుకోదు. కారణం తెలియకుండా ఒకదాని తర్వాత ఒకటి వేసుకుంటూ పోతే ప్రతి సారీ కొంత రంగు, కొంత వాసన, కొంత మీడ్ మడ్డితో పాటు పోతాయి, మసక మాత్రం అలాగే ఉంటుంది.

కొత్తగా పులిసిన మీడ్‌లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం ఈస్ట్. పని ముగిసిన ఈస్ట్ కణాలు మెల్లగా అడుగుకు దిగుతాయి. అయితే పులిసేటప్పుడు పుట్టిన కార్బన్ డయాక్సైడ్ ద్రవంలో కరిగి ఉన్నంత కాలం సన్నని బుడగలుగా పైకి లేస్తూ ఆ కణాలను కూడా తనతో పాటు పైకి లేపుతుంటుంది. రెండో కారణం పెక్టిన్. పండు కణాల గోడలను పట్టి ఉంచే ఈ పదార్థమే జామ్ గట్టిపడడానికీ మూలం. మామిడిలో, జామలో ఇది దండిగా ఉంటుంది. పండును ఉడికించినా, మరిగించినా ఇంకా ఎక్కువగా బయటకు వస్తుంది. డబ్బా గుజ్జు నిల్వ ఉండడానికి దానిని ముందే వేడి చేసి ఉంటారు. తాజా పండు వేసిన మీడ్ కంటే డబ్బా గుజ్జు వేసినది ఆలస్యంగా తేరుకోవడానికి ఇది ముఖ్య కారణమని నేను భావిస్తాను.

తేనెలో సహజంగా ఉండే ప్రోటీన్లు మూడో కారణం. ముదురు రంగు తేనెల్లో ఇవి ఎక్కువగా ఉంటాయి. పూర్తిగా పండని మామిడిని వాడితే అందులో చక్కెరగా మారకుండా మిగిలిన పిండి పదార్థం కూడా మసకకు కారణమవుతుంది. వీటన్నిటికీ భిన్నమైనది సూక్ష్మజీవుల వల్ల వచ్చే చెడుపు. పైన తెల్లటి పొర కట్టినా, వెనిగర్ వాసన వచ్చినా, గ్లాసులోకి వంచినప్పుడు మీడ్ నూనెలా జిగటగా సాగినా ఈ వ్యాసంలోని ఏ పద్ధతీ దానిని బాగుచేయలేదు. బూజు పట్టి ఉంటే పారబోయడమే మేలు.

మొదట పులియడం ఆగిందో లేదో తేల్చుకోండి

ఇంకా పులుస్తున్న మీడ్ తేటపడదు, పడకూడదు కూడా. ఎయిర్‌లాక్‌లో, అంటే గ్యాస్‌ను బయటకు వదిలి గాలిని లోపలికి రానీయని నీటి మూతలో, బుడగలు ఆగిపోయాయి కాబట్టి పని పూర్తయిందని అనుకోవడం సరి కాదు. మూత సరిగా బిగియకపోతే గాలి పక్క నుంచి పోతుంది, గది చల్లబడితే బుడగలు ఆగిపోతాయి. నీటితో పోల్చి ద్రవం సాంద్రతను చూపే హైడ్రోమీటర్ ఒక్కటే ఇక్కడ నమ్మదగిన సాక్ష్యం; చక్కెర తగ్గే కొద్దీ దాని అంకె తగ్గుతుంది. కొద్దిగా మీడ్‌ను శుభ్రమైన గొట్టంలోకి తీసుకుని, గరిటెతో బాగా కలిపి గ్యాస్ పోగొట్టిన తర్వాతే హైడ్రోమీటర్‌ను అందులో వదలాలి. గ్యాస్ ఉన్నప్పుడు చిన్న బుడగలు హైడ్రోమీటర్ గోడకు అంటుకుని దానిని పైకి ఎత్తుతాయి. అప్పుడు అసలు కంటే ఎక్కువ అంకె కనిపిస్తుంది. హైడ్రోమీటర్‌ను వేళ్లతో ఒకసారి గిరగిరా తిప్పి వదిలితే ఆ బుడగలు ఊడిపోతాయి.

ఆ అంకెను తేదీతో సహా రాసుకోండి. రెండు వారాల తర్వాత మళ్లీ చూడండి. రెండు సార్లూ ఒకే అంకె వస్తే పులియడం ఆగినట్టు లెక్క. తీపి లేకుండా పూర్తిగా పులిసిన మీడ్‌లో అది 1.000 దగ్గర లేదా అంతకంటే కాస్త కింద ఉంటుంది. తేనె ఎక్కువ వేసి ఉంటే ఈస్ట్ తన శక్తి అయిపోయి 1.010 దగ్గరో, ఇంకా పైనో ఆగిపోవచ్చు. అంకె తగ్గుతూనే ఉంటే ఎంత మసకగా ఉన్నా ఏమీ చేయకుండా మరో నెల వదిలేయండి. చల్లబరచడం, తేర్చే పొడులు వేయడం అప్పుడే మొదలుపెడితే ఈస్ట్ సగం పనిలో నిద్రపోతుంది. తర్వాత సీసాల్లో అదే ఈస్ట్ మేల్కొని గ్యాస్ పుట్టిస్తే సీసాలు పగిలిపోయే ప్రమాదం ఉంది. గాజు పెంకులు ఎగిరిపడే ఆ ప్రమాదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

వేచి చూడడం కూడా ఒక దశే

పులియడం ఆగిన తర్వాత ఒకసారి గది చీకటి చేసి, చిన్న టార్చిని కార్‌బాయ్‌కు, అంటే మీడ్ ఉన్న సన్న మెడ పెద్ద గాజు పాత్రకు, పక్క నుంచి ఆనించి వెలిగించండి. మసక ఉన్న మీడ్‌లో వెలుతురు కిరణం తెల్లటి కడ్డీలా ఈ చివర నుంచి ఆ చివరకు కనిపిస్తుంది. కిరణం ఎక్కడ దట్టంగా ఉందో, ఎక్కడ పలచబడిందో చూడండి. సాధారణంగా తేటపడడం పై నుంచి మొదలవుతుంది. మెడ దగ్గర ఒక వేలెడు మందం తేట పొర ఏర్పడి, వారం తర్వాత అది జానెడు అయితే మీరు చేయవలసినదేమీ లేదు. ఆ మీడ్ తన పని తాను చేసుకుంటోంది. కార్‌బాయ్ గోడ మీద మసక గీత ఉన్న చోట ఒక టేపు ముక్క అంటించి తేదీ రాసి ఉంచితే వారం వారం ఎంత దిగిందో స్పష్టంగా తెలుస్తుంది.

మూడు నాలుగు వారాలైనా ఆ గీత కదలకపోతే, లేదా అసలు గీతే లేకుండా పై నుంచి కింది దాకా ఒకే మసక ఉంటే, అప్పుడు తర్వాతి దశలకు వెళ్లాలి.

మడ్డి మీద నుంచి వేరే పాత్రకు మార్చండి

మామిడి మీడ్‌లో గుజ్జు మడ్డి చాలా ఎక్కువ. అయిదు గ్యాలన్ల, అంటే సుమారు 19 లీటర్ల కార్‌బాయ్‌లో నాలుగో వంతు వరకు మడ్డిగానే మిగిలినా ఆశ్చర్యపడనక్కరలేదు. చనిపోయిన ఈస్ట్ మీద మీడ్‌ను నెలల తరబడి వదిలేస్తే అవాంఛనీయమైన వాసనలు దానిలోకి దిగుతాయి. ఇంట్లో మీడ్ చేసేవారు ఎక్కువగా వాడే లాల్విన్ 71బి వంటి ఈస్ట్ విషయంలో ఇంకాస్త త్వరగా మార్చడం మంచిదని చెబుతారు.

మార్చే ముందు రోజు సాయంత్రమే కార్‌బాయ్‌ను మెల్లగా బల్ల మీదకు ఎక్కించి ఉంచండి. ఎత్తేటప్పుడు కదిలిన మడ్డి తెల్లారేసరికి మళ్లీ దిగి ఉంటుంది. బల్ల కింద నేల మీద శుభ్రపరచిన రెండో కార్‌బాయ్ పెట్టి, సైఫన్ గొట్టం ఒక చివరను దాని అడుగు దాకా దించండి. మీడ్ పై నుంచి జలజలా పడకూడదు. గాలి కలిస్తే రంగు గోధుమ వర్ణంలోకి తిరుగుతుంది, పండు వాసన తగ్గుతుంది. పై కార్‌బాయ్‌లోని గొట్టాన్ని మొదట సగం లోతులోనే ఉంచి, మట్టం తగ్గే కొద్దీ కిందికి జరపాలి. చివరలో కార్‌బాయ్‌ను ఒక పక్కకు కొద్దిగా వంచి, మడ్డి గొట్టంలోకి ఎక్కడం కనిపించగానే సైఫన్ తీసేయాలి. అడుగున మిగిలిన చిక్కటి భాగాన్ని పారబోయకుండా ఒక గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజుల్లో పైన గ్లాసుడో రెండు గ్లాసులో తేట నిలుస్తుంది.

కొత్త కార్‌బాయ్‌లో మెడ దాకా మీడ్ ఉండాలి. ఖాళీ ఎక్కువ మిగిలితే చిన్న పాత్రకు మార్చండి, లేదా అదే తరహా మీడ్‌తో నింపండి. నీళ్లు పోసి నింపడాన్ని నేను ఒప్పుకోను, రుచి పలచబడుతుంది. ఈ సమయంలోనే పొటాషియం మెటాబైసల్ఫైట్ కలిపితే గాలి చేసే హాని చాలా వరకు తగ్గుతుంది. అయిదు గ్యాలన్లకు పావు టీస్పూను సరిపోతుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారు ఎవరైనా ఈ మీడ్ తాగబోతున్నట్టయితే సల్ఫైట్ సంగతి వారికి చెప్పి తీరాలి.

గ్యాస్ తీసి, చల్లబరచండి

ఈ రెంటి వరుస మార్చకూడదు. చల్లటి ద్రవంలో కార్బన్ డయాక్సైడ్ మరింత ఎక్కువగా కరిగి ఉంటుంది కాబట్టి ముందుగా చల్లబరిస్తే గ్యాస్ లోపలే చిక్కుకుపోతుంది. గది ఉష్ణోగ్రతలో ఉన్నప్పుడే శుభ్రపరచిన పొడవాటి స్టీలు కడ్డీతోనో, డ్రిల్లుకు తగిలించే గ్యాస్ తీసే కడ్డీతోనో మెల్లగా తిప్పండి. మొదటి సారి కొద్దిగానే తిప్పాలి, లేకపోతే నురగ మెడ దాటి నేల మీదకు పొంగుతుంది. తిప్పినప్పుడు సుడి ఏర్పడి గాలి లోపలికి లాక్కోకుండా కాసేపు ఒక వైపు, కాసేపు ఎదురు వైపు తిప్పుతూ ఉండండి. రోజుకు రెండు మూడు సార్ల చొప్పున కొన్ని రోజులు చేస్తే నురగ రావడం ఆగిపోతుంది. గొట్టంలో కొద్దిగా మీడ్ తీసుకుని బొటనవేలితో మూసి ఊపి వదిలినప్పుడు ‘టప్’ అనే శబ్దం రాకపోతే గ్యాస్ పోయినట్టే.

తర్వాత కార్‌బాయ్‌ను 1 నుంచి 4 డిగ్రీల సెల్సియస్, అంటే సుమారు 34 నుంచి 39 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య రెండు వారాలు ఉంచాలి. పాత ఫ్రిజ్ ఒకటి ఖాళీగా ఉంటే అంతకంటే అనువైనది లేదు. అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో చలికాలంలో గ్యారేజీ కూడా పనికొస్తుంది, కాని ఉష్ణోగ్రత సున్నాకు బాగా కిందికి పడిపోయే రాత్రుల్లో మీడ్ గడ్డకట్టి కార్‌బాయ్ పగిలే అవకాశం ఉంది, అందుచేత వాతావరణ సూచన చూసుకుంటూ ఉండండి. చల్లబడే కొద్దీ ద్రవం, పైనున్న గాలి రెండూ కుంచించుకుంటాయి కాబట్టి ఎయిర్‌లాక్‌లోని నీరు లోపలికి లాక్కుపోతుంది. ఆ నీటికి బదులు వోడ్కా పోసి ఉంచితే లోపలికి పోయినా నష్టం ఉండదు.

మసకకు కారణం ఈస్ట్ మాత్రమే అయితే ఈ దశతోనే మీ పని ముగుస్తుంది. ముగియకపోతే, ఇంకా ఏదో ఉందని అర్థం.

గ్లాసులో చేసే పరీక్షలు

మొత్తం కార్‌బాయ్ మీద ప్రయోగాలు చేయకుండా అరకప్పు మీడ్‌తోనే కారణం తేల్చుకోవచ్చు. ఈ పరీక్షలకు వాడిన మీడ్‌ను రుచి చూడకూడదు, తిరిగి కార్‌బాయ్‌లో కలపకూడదు. పరీక్ష కాగానే సింకులో పారబోయాలి. పిల్లలకు అందే చోట ఆ గ్లాసులను ఉంచవద్దు.

పెక్టిన్ కోసం చేసేది మొదటి పరీక్ష. మామిడి మీడ్‌కు దీనితోనే మొదలుపెట్టండి. ఒక టేబుల్ స్పూను మీడ్‌ను చిన్న గాజు గ్లాసులో పోసి, మందుల షాపులో దొరికే 91 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నాలుగు టేబుల్ స్పూన్లు చేర్చి, ఒకసారి కలిపి అరగంట కదపకుండా ఉంచండి. పెక్టిన్ ఉంటే జెల్లీ ముద్దలు, దారాల్లాంటి తీగలు కనబడతాయి. గ్లాసును కొద్దిగా వంచితే అవి ద్రవంతో పాటు పారకుండా ఒకదానినొకటి పట్టుకుని మెల్లగా జారుతాయి. పుల్లతో ఎత్తితే పుల్లకు అంటుకుని వేలాడతాయి. ఒకసారి చూస్తే మళ్లీ పొరపడే ప్రసక్తే ఉండదు.

ప్రోటీన్ కోసం, ఉన్నంతలో తేటగా ఉన్న మీడ్‌ను చిన్న సీసాలో పోసి, 80 డిగ్రీల సెల్సియస్ వేడి నీళ్లలో రెండు గంటలు నిలిపి, తర్వాత చల్లారనివ్వాలి. మసక ముదిరినా, తెల్లటి పొలుసులు కనిపించినా ప్రోటీన్ ఉందని తేలుతుంది. పిండి పదార్థం కోసం ఒక చెంచా మీడ్‌లో రెండు చుక్కల అయొడిన్ టింక్చర్ వేస్తే చాలు. నీలి నలుపు రంగు వస్తే ఉన్నట్టు, అయొడిన్ గోధుమ రంగే నిలిస్తే లేనట్టు. ఒకటి కంటే ఎక్కువ పరీక్షలు అవునని చెప్పవచ్చు. అలాంటప్పుడు ముందు ఎంజైమ్‌లు, ఆ తర్వాతే తేర్చే పొడులు. ఈ వరుస ఎందుకో కింద చెబుతాను.

పెక్టిన్‌కు ఎంజైమ్

పెక్టిన్ గొలుసులను ముక్కలు చేసే ఎంజైమ్ హోంబ్రూ దుకాణాల్లో పొడిగానూ, ద్రవంగానూ పెక్టిక్ ఎంజైమ్ పేరుతో దొరుకుతుంది. దీనిని అసలు పులియబెట్టక ముందే, పండు వేసే రోజునే గ్యాలన్‌కు అర టీస్పూను చొప్పున వేయడం ఉత్తమం. ఆల్కహాల్ పెరిగిన తర్వాత దీని బలం తగ్గుతుంది కాబట్టి ఇప్పుడు వేస్తున్నప్పుడు దానికి రెట్టింపు, అంటే గ్యాలన్‌కు ఒక టీస్పూను వేయండి. ఒక్కో తయారీ బలం ఒక్కో రకంగా ఉంటుంది, డబ్బా మీద వేరే కొలత ఉంటే దానినే పాటించాలి.

చల్లటి మీడ్‌లో ఎంజైమ్ పని చాలా నెమ్మది. కార్‌బాయ్‌ను ఫ్రిజ్ నుంచి తీసి 20 నుంచి 25 డిగ్రీల వరకు వేడెక్కనిచ్చి, ఒక గ్లాసుడు మీడ్‌లో పొడిని కలిపి, ఆ గ్లాసును కార్‌బాయ్‌లో పోసి మెల్లగా తిప్పండి. రెండు వారాలు ఆగి మళ్లీ ఐసోప్రొపైల్ పరీక్ష చేయాలి. తీగలు తగ్గి చిన్న రేణువులుగా మారితే ఎంజైమ్ పనిచేస్తున్నట్టు. ఇంకో వారం ఇవ్వండి. పెక్టిన్ విరిగిన కొద్దీ దానిలో చిక్కుకున్న గుజ్జు రేణువులు కూడా ఒక్కసారిగా దిగడం మొదలుపెడతాయి. నెలల తరబడి కదలని మసక గీత ఈ దశలో రోజుకు కొంత చొప్పున కిందికి జరగడం కళ్లారా చూడవచ్చు, ఇంట్లో మీడ్ చేసేవారికి అంతకంటే తృప్తినిచ్చే దృశ్యం తక్కువే.

పిండి పదార్థం ఉందని తేలితే ఇదే పద్ధతిలో అమైలేజ్ ఎంజైమ్ వాడాలి. అయితే పిండి పదార్థం విరిగితే కొత్తగా చక్కెర పుడుతుంది, ఈస్ట్ బతికి ఉంటే మళ్లీ పులియడం మొదలవుతుంది. కాబట్టి అమైలేజ్ వేశాక హైడ్రోమీటర్ పరీక్ష మొదటి నుంచీ మళ్లీ చేయక తప్పదు.

తేర్చే పదార్థాలు

గోదావరి నీళ్లు వరద రోజుల్లో ఎర్రగా వచ్చినప్పుడు పెద్దవాళ్లు చిల్లగింజను అరగదీసి బిందెలో కలిపేవారు. మట్టి ముద్దకట్టి అడుగుకు దిగి పైన తేట నిలిచేది. నీళ్లలో తేలే అతి చిన్న మట్టి రేణువులన్నీ ఒకే రకం విద్యుదావేశంతో ఒకదానినొకటి నెట్టుకుంటూ ఉంటాయి. వాటిని కలిపి ముద్ద చేసేదేదైనా తోడైతే బరువెక్కి దిగిపోతాయి. మీడ్‌లో వాడే తేర్చే పదార్థాలు చాలా వరకు ఇదే సూత్రం మీద నడుస్తాయి. చిల్లగింజను మీడ్‌లో వేయమని చెప్పడం నా ఉద్దేశం కాదు, అది నీటి కోసమే.

మీడ్ పులుపులో ప్రోటీన్లకు ధనావేశం ఉంటుంది, ఈస్ట్ కణాలకు ఋణావేశం ఉంటుంది. బెంటొనైట్ అనే బంకమన్ను ఋణావేశం గలది కాబట్టి ప్రోటీన్లను పట్టుకుంటుంది. అగ్నిపర్వతాల బూడిద నుంచి ఏర్పడిన ఈ మన్ను అమెరికాలో వయోమింగ్‌లోనూ, మన దేశంలో కచ్, బాడ్‌మేర్ ప్రాంతాల్లోనూ దొరుకుతుంది. కైటోసాన్, స్పార్కలాయిడ్ ధనావేశం గలవి, ఈస్ట్‌ను దించుతాయి. కీసెల్‌సోల్ అనే సిలికా ద్రావణం ఋణావేశం గలది. దుకాణాల్లో దీనిని, కైటోసాన్‌ను జంట ప్యాకెట్లుగా అమ్ముతారు.

శాకాహారులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. జెలటిన్ పశువుల ఎముకలు, చర్మం నుంచి వస్తుంది. ఐసింగ్లాస్ చేప గాలితిత్తి నుంచి తీసినది. కైటోసాన్ ఎక్కువగా రొయ్యల, పీతల పెంకుల నుంచి తయారవుతుంది. అవి మడ్డితో పాటు దిగిపోయినా, అతిథుల నియమాన్ని గౌరవించాలంటే ముందే చూసుకోవాలి. రొయ్యలు, పీతలు పడనివారు కూడా కైటోసాన్ జోలికి పోకపోవడం మేలు; శిలీంధ్రాల నుంచి తీసిన కైటోసాన్ కూడా ఉంది, ప్యాకెట్ మీద చదివి తీసుకోండి. బెంటొనైట్, కీసెల్‌సోల్ ఖనిజ పదార్థాలు. మామిడి మీడ్‌కు ముందుగా బెంటొనైట్ చాలని నా అభిప్రాయం. జెలటిన్ రంగును, వగరును కూడా లాగేస్తుంది. మామిడి మీడ్‌లో వగరు అసలే తక్కువ కాబట్టి దానిని నేను సిఫారసు చేయను.

బెంటొనైట్ కూడా ఎంజైమ్ కూడా ఒకేసారి వేయకూడదు. ఎంజైమ్ స్వయంగా ఒక ప్రోటీన్. బెంటొనైట్ దానిని పట్టుకుని అడుగుకు దించేస్తుంది, పెక్టిన్ మాత్రం మిగిలిపోతుంది. ఎంజైమ్ పని పూర్తయి, మీడ్‌ను మడ్డి మీద నుంచి మార్చిన తర్వాతే బెంటొనైట్ వంతు. లీటరుకు ఒక గ్రాము చొప్పున 19 లీటర్లకు 19 గ్రాములు తూచుకోండి. సుమారు 60 డిగ్రీలకు కాచిన 350 మిల్లీలీటర్ల నీటిని వేగంగా కలుపుతూ మన్నును చిటికెడు చిటికెడుగా చల్లాలి. మన్ను మీద నీళ్లు పోస్తే ఉండలు కట్టి ఎంత కలిపినా విడవవు. ఒక రాత్రి నాననిస్తే అది దోసెల పిండిలా నున్నగా అవుతుంది. మర్నాడు మళ్లీ కలిపి, గ్యాస్ పోయిన మీడ్‌లో సన్నని ధారగా పోస్తూ తిప్పండి. గ్యాస్ మిగిలి ఉంటే ఈ సమయంలోనే కార్‌బాయ్ పొంగుతుంది. మరుసటి రోజు ఒకసారి మెల్లగా తిప్పి, తర్వాత రెండు వారాలు కదపకుండా వదిలేయాలి.

బెంటొనైట్ తర్వాత కూడా టార్చి వెలుగులో సన్నని మసక మిగిలితే కీసెల్‌సోల్, కైటోసాన్ జంట వాడవచ్చు. ముందు కీసెల్‌సోల్ కలిపి, ప్యాకెట్ మీద చెప్పినంత సేపు ఆగి, తర్వాత కైటోసాన్ కలపాలి. సాధారణంగా రెండు మూడు రోజుల్లోనే ఫలితం తెలుస్తుంది. చెప్పిన మోతాదు దాటకండి, ఎక్కువైతే తేర్చే పదార్థమే కొత్త మసకకు కారణం కాగలదు.

సీసాల్లోకి దించే ముందు

తేటపడిన మీడ్‌ను చివరిసారి మరో పాత్రకు మార్చండి. ఫిల్టర్ వాడాలని ఉంటే ఇప్పుడే వాడాలి, అది కూడా మీడ్ కంటికి పూర్తిగా తేటగా కనిపిస్తున్నప్పుడే. మసక మీడ్‌ను ఫిల్టర్‌లో పోస్తే పెక్టిన్ ఫిల్టర్ రంధ్రాలను కొద్ది నిమిషాల్లో మూసేస్తుంది. పలచటి బట్టలో, కాఫీ ఫిల్టర్‌లో వడకట్టడం వల్ల గాలి కలవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు, ఎందుకంటే ఈస్ట్ కణాలు, పెక్టిన్ వాటి గుండా సులభంగా జారిపోతాయి.

మీడ్‌లో తీపి మిగిలి ఉంటే, లేదా రుచి కోసం ఇంకాస్త తేనె కలపదలచుకుంటే, మెటాబైసల్ఫైట్‌తో పాటు పొటాషియం సోర్బేట్ కూడా వేయాలి. సోర్బేట్ ఒక్కటే ఈస్ట్‌ను చంపదు, అది పెరగకుండా మాత్రమే ఆపుతుంది. ఈస్ట్ చాలా వరకు మడ్డితో పోయిన తేట మీడ్‌లోనే అది గట్టిగా పనిచేస్తుంది. తేనె కలిపితే ఆ తేనె ప్రోటీన్ వల్ల మళ్లీ కొంత మసక రావచ్చు కాబట్టి సీసాల్లో పోయకుండా ఇంకో నెల కార్‌బాయ్‌లోనే ఉంచి, టార్చితో మళ్లీ చూడండి.

ఇన్ని చేసినా కొద్దిపాటి పెక్టిన్ మసక మిగిలితే ఆ మీడ్ తాగడానికి ఎలాంటి అభ్యంతరం లేదు. పెక్టిన్ హాని చేయదు, రుచిని కూడా పెద్దగా మార్చదు. ఇక పొడులు వేయడం ఆపి సీసాల్లో పోసి, చల్లటి చీకటి చోట నిలబెట్టి ఉంచండి. నెలలు గడిచే కొద్దీ అడుగున పలచటి మడ్డి పొర కడుతుంది. వడ్డించే ముందు రోజు సీసాను కదపకుండా ఫ్రిజ్‌లో నిలబెట్టి, గ్లాసులోకి మెల్లగా ఒకే ధారలో వంచి, చివరి రెండు గుక్కెళ్లు సీసాలోనే వదిలేయండి.